ఫలజ్‌కు వాటాదారులున్నారు... మన చెరువుకు ఎవరున్నారు?

బహ్లా (ఒమన్): ఎండాకాలం మధ్యాహ్నం పన్నెండున్నర దాటితే ఇక్కడ సైట్లు నిలిచిపోతాయి. జూన్ నుంచి ఆగస్టు దాకా మూడు నెలలు, మూడున్నర వరకు ఆరుబయట పని చేయించకూడదని ఒమన్‌లో నిబంధన. ఆ మూడు గంటలూ మా గ్యాంగంతా సైటు పక్కనున్న ఖర్జూర తోట నీడకు చేరుకుంటాం. తోటలో ఓ చిన్న కాలువ. రెండు జానల వెడల్పు ఉంటుందేమో. బయట ఎండ మాడ్చేస్తున్నా అందులో నీళ్లు పారుతూనే ఉంటాయి. మోటారు చప్పుడు ఉండదు, కరెంటు తీగ ఉండదు. దీన్నే ఇక్కడివాళ్లు ఫలజ్ అంటారు.

ఆ నీళ్ల పక్కన కూర్చుని ఫోన్లు తీస్తాం. ఇంటికి మాట్లాడటం అయ్యాక చూసేది ఊరి వార్తలే. 2024 జులైలో హైదరాబాద్‌లో హైడ్రా ఏర్పాటైనప్పటి నుంచి మా గదుల్లో చర్చ ఎక్కువగా చెరువుల మీదే. ఎక్కడ కూల్చారు, ఎవరిది కూల్చారు, ఎవరిది వదిలేశారు... ఒకరు ‘పేదోళ్లవే కూలుస్తరు’ అంటారు. ఇంకొకరు ‘అసలు చెరువుల ఇల్లు కట్టుడేంది’ అంటారు. ఇద్దరి మాటలోనూ న్యాయముంది. కానీ రోజూ ఆ కాలువ పక్కన కూర్చుని ఈ వాదన వినీ వినీ మాకో ప్రశ్న పుట్టింది. ఏడాది మొత్తానికి నాలుగు మంచి వానలు పడితే గొప్ప అనుకునే ఈ దేశంలో, వందల ఏళ్లనాటి నీటి కాలువ ఊరు పెరిగినా బతికే ఉంది. కాలమైతే మత్తళ్లు దుంకే మన దగ్గర చెరువులు ఎందుకు మాయమైపోతున్నాయి?

మట్టి కోట, ఖర్జూర తోట

బహ్లా గురించి తెలియనివారికి రెండు మాటలు. మస్కట్ నుంచి సుమారు 200 కిలోమీటర్లు వస్తే, నిజ్వా దాటాక జబల్ అఖ్దర్ కొండల కింద ఉన్న పాత పట్నం ఇది. 12వ శతాబ్దం నుంచి 15వ శతాబ్దం చివరి దాకా నబ్హానీ వంశస్థులకు రాజధాని. పచ్చి ఇటుకలతో, రాళ్లతో కట్టిన పెద్ద కోట, దాని చుట్టూ పాత ఇళ్లు, ఖర్జూర తోటలు, అన్నింటినీ చుట్టేస్తూ దాదాపు 12 కిలోమీటర్ల మట్టి ప్రాకారం. యునెస్కో 1987లో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఒమన్ నుంచి ఆ జాబితాకు ఎక్కిన మొదటి స్థలం ఇదే. మరుసటి ఏడాదే, 1988లో, ‘ప్రమాదంలో ఉన్న వారసత్వం’ జాబితాలోనూ చేరిపోయింది. వాన పడిన ప్రతిసారీ మట్టి కట్టడం కరిగి కూలిపోవడమే కారణం.

1990లలో ఒమన్ ప్రభుత్వం పెద్ద ఎత్తున మరమ్మతులు చేపట్టింది. మట్టి గోడకు సిమెంటు పూస్తే పైకి గట్టిగానే కనిపిస్తుంది. కానీ లోపలి తేమ బయటికి పోయే దారి లేక గోడ లోపల్నుంచి గుల్లబారుతుంది. ఈ సంగతి కాంక్రీటు పనిలో ఉన్నవాళ్లం కాబట్టి మాకు తెలుసు. మట్టికి మట్టే మందు. ఏళ్ల తరబడి పని జరిగాక 2004లో బహ్లా ప్రమాద జాబితా నుంచి బయటపడింది. 2012లో కోటను సందర్శకులకు తెరిచారు.

వచ్చినవాళ్లు కోట చూసి, ఫొటో దిగి వెళ్లిపోతారు. కానీ ఇక్కడ కొన్నేళ్లుంటే అర్థమయ్యేది వేరు. కోట నిలబడింది ఊరు ఉండబట్టి. ఊరు నిలబడింది తోటలు ఉండబట్టి. తోటలు నిలబడింది నీళ్లు ఉండబట్టి. ప్రాకారం బయట ఊరు ఏటా పెరుగుతోంది. విల్లాలు, దుకాణాలు, రోడ్లు వస్తున్నాయి. కట్టేది మాలాంటివాళ్లమే. అయినా ప్రాకారం లోపలి పచ్చదనాన్ని ఎవరూ ప్లాట్లు చేసి అమ్ముకోలేదు. ఎందుకు?

నీళ్లకు వంతు, వంతుకు లెక్క

ఫలజ్ అంటే ఉత్త కాలువ కాదు. కొండ పాదంలో నీటి ఊట తగిలేదాకా ఒక బావి తవ్వుతారు. దాన్ని తల్లి బావి అంటారు. అక్కడి నుంచి భూమి లోపల సొరంగం తవ్వుకుంటూ, సన్నటి వాలు ఇచ్చి, కిలోమీటర్ల కొద్దీ నీటిని ఊరిదాకా నడిపిస్తారు. మేము ఆటో లెవెల్ పెట్టి, రెండుసార్లు చెక్ చేసి డ్రైనేజీ పైపుకు స్లోపు ఇస్తాం. అయినా ఎక్కడో ఓ చోట నీళ్లు నిలుస్తాయి. ఆ పరికరాలేవీ లేని కాలంలో వాళ్లు తీసిన వాలు ఈనాటికీ తప్పలేదు. ఇలాంటి ఫలజ్‌లు ఒమన్‌లో సుమారు 3 వేలు ఇంకా వాడుకలో ఉన్నాయి. నిజ్వాలోని ఫలజ్ దారిస్‌తో పాటు అయిదింటిని 2006లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. బహ్లాకూ సొంత ఫలజ్‌లున్నాయి. వాటిలో అల్ మైతా పేరున్నది.

అయితే ఫలజ్‌ను బతికించింది సొరంగం కాదు, దాని చుట్టూ ఉన్న కట్టుబాటు. ఊళ్లోకి రాగానే నీళ్లు మొదట తాగడానికి. ఆ తర్వాత మసీదుకు, స్నానాలకు. ఆ తర్వాతే ఖర్జూరాలకు. మిగిలితే ఏడాది పంటలకు. నీళ్లు తగ్గిన ఏడాది చివరి పంటల్ని ఎండబెట్టుకుంటారు గానీ చెట్లను చావనివ్వరు. ప్రతి తోటకూ గంటల లెక్కన వంతు ఉంటుంది. అరగంట వంతును ‘అథర్’ అంటారు. పూర్వం పగలు ఎండ నీడను బట్టి, రాత్రి చుక్కలను బట్టి వంతు కొలిచేవారు. ఇప్పుడు చేతి గడియారం వచ్చింది, లెక్క మాత్రం పాతదే.

ఈ పని చూసేందుకు మనుషులున్నారు. ఫలజ్ పెద్దను ‘వకీల్’ అంటారు. మన కోర్టు వకీలు కాదు, ఫలజ్ మంచిచెడ్డలకు జవాబుదారీ. వంతులు తిప్పేవాడు ‘అరీఫ్’. ఫలజ్‌కే సొంతంగా కొంత నీటి వంతు ఉంటుంది. దాన్ని వేలం వేసి, వచ్చిన డబ్బుతో పూడిక తీస్తారు, సొరంగం బాగు చేస్తారు. ఆ వేలం పాడించే మనిషి పేరేమిటో తెలుసా? ‘దలాల్’. మన దగ్గర దలాల్ చెరువును అమ్మిపెడతాడు. ఇక్కడ దలాల్ నీటి వంతును అమ్మి కాలువను నిలబెడతాడు. మాట ఒక్కటే, పనిలో ఎంత తేడా!

సర్కారు కూడా ఊరకే లేదు. తల్లి బావికి మూడున్నర కిలోమీటర్ల లోపు కొత్త బావులు తవ్వకూడదని నిబంధన పెట్టింది. బోరు వేసి మోటారు పెడితే పక్కనున్న ఫలజ్ ఎండిపోతుందని పంపులు వచ్చిన కొత్తలోనే వాళ్లకు అనుభవమైంది.

ఓ రోజు తోట యజమానితో మాటలు కలిశాయి. డెబ్భై దాటిన పెద్దాయన. మాతో పనిచేయించీ చేయించీ హిందీ వచ్చింది. ‘మీ ఊళ్లో నీళ్లు ఎవరివి?’ అని అడిగాడు. ‘చెరువు నీళ్లు, సర్కారువి’ అన్నాం. ఆయన నవ్వాడు. ‘సర్కారువి సరే, ఈ రోజు వంతు ఎవరిది?’ అన్నాడు. మా దగ్గర జవాబు లేదు.

జాబితాలో పేరుంటే చాలదు

ఒమన్‌లో అంతా బాగుందని చెప్పడం మా ఉద్దేశం కాదు. ఇదే దేశంలో ఎడారి జింకల కోసం పెద్ద అభయారణ్యం ఉండేది. అరేబియన్ ఓరిక్స్ శాంక్చురీ అనేవారు. 1994లో యునెస్కో వారసత్వ జాబితాకు ఎక్కింది. 1996లో అక్కడ 450 ఓరిక్స్‌లున్నాయి. దొంగవేట మొదలైంది, మేత భూమి పాడైంది, అవి 65కు పడిపోయాయి. చమురు అన్వేషణకు దారిస్తూ ప్రభుత్వం అభయారణ్యం విస్తీర్ణాన్ని 90 శాతం తగ్గించేసింది. 2007లో యునెస్కో దాని పేరు కొట్టేసింది. ప్రపంచ వారసత్వ జాబితా చరిత్రలో పేరు పోగొట్టుకున్న మొదటి స్థలం అదే. ఒకే దేశం. ఒకే జాబితా. 2004లో బహ్లా గండం గట్టెక్కింది, 2007లో ఓరిక్స్ ఎడారి పోయింది.

దీన్నిబట్టి తెలిసేది ఒకటే. బోర్డు పెట్టినంత మాత్రాన ఏదీ బతకదు. దాని మీద ఆధారపడి బతికే మనుషులు, దాని కోసం గొంతెత్తే మనుషులు పక్కనుండాలి.

మన దగ్గరా చూడండి. విశాఖపట్నం, భీమునిపట్నం మధ్య ఉన్న ఎర్రమట్టి దిబ్బలను జాతీయ భూవారసత్వ స్థలంగా ఎప్పుడో గుర్తించారు. అయినా 2024లో వాటి దగ్గర నేల చదును చేసే పనులు జరిగి దుమారం రేగింది. పర్యావరణవేత్తలు, స్థానికులు అడ్డం తిరిగాకే కదలిక వచ్చింది. 2025లో ఆ దిబ్బలతో పాటు తిరుమల కొండలు కూడా యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరాయి. సంతోషమే. కానీ అది ముగింపు కాదు, మొదలు.

ఇక కంచ గచ్చిబౌలి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పక్కనున్న 400 ఎకరాలు. అది అడవి అని రికార్డుల్లో లేదన్నది ప్రభుత్వ వాదన. 2025 మార్చి చివర్లో బుల్డోజర్లు దిగి చెట్లు కూల్చడం మొదలుపెట్టాయి. విద్యార్థులు రోడ్డెక్కారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపించింది. జాబితాలో పేరున్న ఓరిక్స్ ఎడారి పోయింది. రికార్డుల్లో అడవి అని లేని కంచ గచ్చిబౌలిలో బుల్డోజర్లు ఆగాయి. తేడా ఎక్కడుంది? రోజూ ఆ దారిన నడిచే పిల్లలు ‘ఇది మాది’ అనుకున్నారు. మాది అనుకున్నవాళ్లే వాటాదారులు.

వాగు తన దారి మరవదు

ప్రకృతి వారసత్వం అంటే చెట్లూ పిట్టలూ మాత్రమే కాదు. వాగు పారే దారి కూడా వారసత్వమే. దాన్ని మూసేస్తే ఏమవుతుందో గల్ఫ్‌లో ఉన్నవాళ్లకు చెప్పనక్కర్లేదు. ఇక్కడ వాదీలు ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండిపోయే ఉంటాయి. అంతా రాళ్లు, ఇసుక. కొత్తగా వచ్చినవాడికి అది ఖాళీ స్థలంలాగే కనిపిస్తుంది. కొండల మీద వాన పడితే గంటలో మనిషి లోతు నీళ్లు వస్తాయి. 2007 జూన్‌లో గోనూ తుఫానుకు ఒమన్‌లో సుమారు 50 మంది చనిపోయారు. 2021 అక్టోబరులో షాహీన్ తుఫాను వచ్చింది. 2024 ఏప్రిల్ వరదల్లో సుమారు 20 మంది పోయారు. వారిలో బడి పిల్లలున్నారు.

మన హైదరాబాద్ మాత్రం? 1908 సెప్టెంబరు మూసీ వరద వేల మందిని పొట్టన పెట్టుకుంది. ఆ దెబ్బతోనే మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఆయన సూచనలతో ఉస్మాన్ సాగర్ 1920లో, హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. వరద ఆపడానికి కట్టినవే నగరానికి తాగునీళ్లిచ్చాయి. ఆ జలాశయాల ఎగువన ఇష్టారాజ్యంగా కట్టడాలు రాకూడదని 1996లో జీవో 111 తెచ్చారు. 2022లో దాని ఆంక్షలను సడలించారు.

2020 అక్టోబరు వానలు గుర్తున్నాయా? పాతబస్తీ వైపు పల్లె చెరువు తెగి కాలనీలు మునిగాయి. అందులో ఒక కాలనీ పేరు అల్ జుబైల్. సౌదీలో జుబైల్ పోర్టు ఎరిగినవాళ్లకు ఆ పేరు చదవగానే గుండె ఝల్లుమంది.

మన దగ్గర తెగింది ఎక్కడ?

మన చెరువులు కూడా ఒకప్పుడు ఎవరికీ చెందని నీళ్లు కావు. గొలుసుకట్టు చెరువులని మనకు పేరే ఉంది. పై చెరువు నిండి మత్తడి పోస్తే కింది చెరువుకు నీళ్లు. తూము ఎప్పుడు తీయాలో, ఏ మడికి ఎంతసేపు పారాలో చూసేందుకు ఊరికి నీరటి ఉండేవాడు. ఇక్కడి అరీఫ్ చేసే పని అదే. కట్ట బాగుచేసేవారికి దశబంధం ఇనాములుండేవి. ఇక్కడి ఫలజ్ సొంత వంతులాంటిదే అది. అంటే బహ్లా వాళ్లకు ఉన్నవన్నీ మనకూ ఉన్నాయి. మనం పోగొట్టుకున్నాం, వాళ్లు ఉంచుకున్నారు. అంతే తేడా.

పోవడం ఒక్క రోజులో పోలేదు. నగరం పెరిగింది. చెరువు కింద వరి పండించే ఆయకట్టు ముందు ప్లాట్లయింది. పొలం లేకపోతే తూముతో పనేముంది? తూముతో పని లేకపోతే నీరటితో పనేముంది? ఇంటికి నల్లా నీళ్లు వచ్చాయి, చెరువు వైపు చూసేవాడు లేకుండా పోయాడు. నీళ్లతో పని ఉన్నవాళ్లు వెళ్లిపోయాక, నేలతో పని ఉన్నవాళ్లు వచ్చారు. మొదట మురుగు వదిలారు. తర్వాత కట్టడాల చెత్త పోశారు. ఆ తర్వాత రాళ్లు పాతారు. మాసాబ్ ట్యాంక్‌లో ట్యాంక్ లేదు, నల్లకుంటలో కుంట లేదు. పేర్లు మాత్రం మిగిలాయి.

అంటే చెరువును చంపింది ఆక్రమణ ఒక్కటే కాదు. ఆక్రమణ చివర జరిగేది. మొదట జరిగేది, చెరువుతో మనకు పని లేకుండా పోవడం.

పల్లెల్లో 2015లో మొదలైన మిషన్ కాకతీయతో చాలా చెరువుల్లో పూడిక తీశారు. అక్కడ ఇంకా రైతు ఉన్నాడు కాబట్టి ఆ పనికి విలువ ఉంది. నగరంలో రైతు లేడు. అక్కడ చెరువుకు కొత్త వాటాదారులు కావాలి. పొద్దున నడిచేవాళ్లు, బతుకమ్మ ఆడేవాళ్లు, బోర్లు నిండితే బాగుపడే చుట్టుపక్కల కాలనీలు, చేపలు పట్టే ముదిరాజ్, గంగపుత్ర సంఘాలు... వీళ్లంతా వాటాదారులే. అంబర్‌పేటలో పూడిపోయిన బతుకమ్మకుంటను తవ్వి నీళ్లు నింపి 2025 సెప్టెంబరులో మళ్లీ తెరిచారు. పోయిన చెరువు కూడా తిరిగి వస్తుందని అది చూపించింది. దాన్ని నిలబెట్టేది మాత్రం చుట్టూ ఉన్న జనమే. హైడ్రా జేసీబీ చెరువును ఖాళీ చేయించగలదు. రోజూ కాపలా కాయలేదు.

మన రియాళ్లే పూడుస్తున్నాయా?

ఇప్పుడు మన గురించి మాట్లాడుకుందాం. ఇది కొంచెం చేదుగా ఉంటుంది.

మా క్యాంపులో సెంట్రింగ్ పనిచేసే ఓ తమ్ముడున్నాడు. జగిత్యాల పక్క పల్లె. పదకొండేళ్లు పైసా పైసా కూడబెట్టి, భార్య పుస్తెల గొలుసు కుదువ పెట్టి, నగర శివార్లలో 150 గజాలు కొన్నాడు. మధ్యవర్తి వాట్సాప్‌లో ఫొటోలు పంపాడు. నున్నటి నేల, తెల్ల సున్నం గీతలు, హద్దురాళ్లు. ఫొటో తీసింది ఏప్రిల్‌లో. రిజిస్ట్రేషన్ అయింది, ఫీజు కట్టాడు, కాగితం చేతికొచ్చింది. గత వానాకాలంలో బావమరిది ఓ వీడియో పంపాడు. హద్దురాయి తల మాత్రం కనిపిస్తోంది. దాని చుట్టూ కొంగలు.

‘అన్నా, కాయితాలన్నీ సక్కగనే ఉన్నయి గదా, నీళ్లెట్ల వచ్చినయి?’ అని అడిగాడు. మాలో పెద్దవాడైన మేస్త్రీ, ‘కాయితం మనం చదువుతం, నీళ్లు చదవవు గదరా’ అన్నాడు. ఆ రాత్రి గదిలో ఎవరూ సరిగా తినలేదు.

ఇందులో తప్పెవరిది? లే అవుట్ గీసినవాడిది, కళ్లు మూసుకుని సంతకం పెట్టినవాడిది. ఫీజు తీసుకుని రిజిస్టర్ చేసి, తర్వాత ఇది చెరువు అనడం న్యాయం కాదు. కూల్చేటప్పుడు కొన్నవాడి ఇంటితో పాటు అనుమతి ఇచ్చినవాడి బాధ్యత కూడా తేల్చాలి. పేదవాడి గుడిసెకూ పెద్దవాడి హాలుకూ ఒకే కొలబద్ద ఉండాలి. ఈ మాట గట్టిగా అడగాల్సిందే.

కానీ మన వంతు కూడా ఉంది. గల్ఫ్ డబ్బులు, అమెరికా డబ్బులు వస్తాయన్న ధీమాతోనే చెరువు శిఖంలో రాళ్లు పాతుతున్నారు. కొనేవాడు లేకపోతే అమ్మేవాడు లేడు. దూరాన ఉన్నాం, చూడలేం, తొందరలో ఉన్నాం. వాళ్లకు కావలసింది సరిగ్గా ఇలాంటివాళ్లే. మనం ఇక్కడ ఎండలో కాలి సంపాదించిన రియాలు అక్కడ మన పిల్లలు తాగాల్సిన నీటి మీద మట్టి పోస్తోంది.

కొనేముందు చూసుకోవాల్సినవి

మా గదిలో అందరం కూర్చుని మాట్లాడుకున్నవి నాలుగు ఇక్కడ చెబుతాం. మీ గదిలోనూ చదివి వినిపించండి.

మొదటిది, ఎఫ్‌టీఎల్. అంటే చెరువు నిండుగా ఉన్నప్పుడు నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో ఆ గీత. ఎండాకాలంలో నీళ్లున్న చోటు కాదు. నేల ఎండి ఉన్నంత మాత్రాన అది చెరువు కాకుండా పోదు. హైదరాబాద్ చుట్టుపక్కల చెరువుల పటాలు హెచ్‌ఎండీఏ వెబ్‌సైట్‌లో ఉంటాయి. సర్వే నంబరు పట్టుకుని చూడాలి.

రెండోది, బఫర్. ఎఫ్‌టీఎల్ గీత బయట కూడా కొంత జాగా వదలాలి. 2012లో వచ్చిన జీవో 168 ప్రకారం 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు 30 మీటర్లు, అంతకన్నా చిన్నదానికి 9 మీటర్లు. 10 మీటర్ల కన్నా వెడల్పున్న నాలాకు 9 మీటర్లు, అంతకు తక్కువైతే 2 మీటర్లు. కొనే రోజుకు నిబంధన ఏమైనా మారిందేమో ఇంజినీరును అడగండి.

మూడోది, కాగితాలు. రిజిస్ట్రేషన్ అయిందంటే అంతా సక్రమమని కాదు. 22-ఏ నిషేధిత జాబితాలో ఆ సర్వే నంబరు ఉందేమో చూడాలి. పాత పహాణీలో ‘శిఖం’ అని ఉంటే అక్కడే ఆగిపోవాలి. ‘ఎల్‌ఆర్‌ఎస్ కట్టుకుంటే సరిపోతుంది’ అనే మాట నమ్మొద్దు. చెరువులో ఉన్న ప్లాటుకు ఎల్‌ఆర్‌ఎస్ వర్తించదు. ఎంబసీ ద్వారా జీపీఏ పంపేవాళ్లు, ఏ పనికి ఇస్తున్నారో ఆ పని వరకే రాయించండి.

నాలుగోది అన్నిటికన్నా ముఖ్యం. ఫొటో నమ్మొద్దు. ఇంటివాళ్లను ఆగస్టులో, రెండు రోజులు వాన పడ్డాక పంపి చూపించండి. ఆ ఊళ్లో అరవై దాటిన రైతును అడగండి. మత్తడి ఎటు పోసేదో, కాలువ ఎటు పోయేదో ఆయన నోటి మీద ఉంటుంది. ఆ మాట ఏ మధ్యవర్తీ చెప్పడు.

ఇక్కడ వంతు లేదు, అక్కడ ఉంది

బహ్లాలో కూడా గండాలు తప్పలేదు. వానలు తగ్గిన ఏళ్లలో ఫలజ్ సన్నబడుతుంది. యువకులు మస్కట్ ఉద్యోగాలకు వెళ్లిపోతున్నారు. తోటల్లో కాయలు కోసేది, మట్టలు నరికేది, కాలువలో పూడిక తీసేది చాలావరకు మనలాంటి పరదేశీలే. ఈ వారసత్వాన్ని చేతులతో మోస్తున్నది వాటా లేనివాళ్లు. రేపు వీసా అయిపోతే వెళ్లిపోయేవాళ్లు. ఇది వాళ్లు ఆలోచించుకోవాల్సిన విషయం.

మనం ఆలోచించుకోవాల్సింది వేరు. ఇక్కడ ఎన్నేళ్లు పనిచేసినా ఈ కాలువలో అరగంట నీటికి కూడా మనకు హక్కు రాదు. అది సహజమే, ఇది మన ఊరు కాదు. కానీ మన ఊరి చెరువులో మనకు వంతు ఉంది. గ్రామసభలో అడగొచ్చు. కాలనీ సంఘంలో మాట్లాడొచ్చు. చెత్త పోస్తుంటే ఫిర్యాదు చేయించొచ్చు. గల్ఫ్ సంఘాలు ఊరికి గుడి కట్టిస్తున్నాయి, బడికి బెంచీలు ఇస్తున్నాయి. ఓ ఏడాది చెరువు హద్దు సర్వే చేయించమని అధికారులను అడిగి, కట్ట మీద రెండు వరుసల ఈత చెట్లు నాటిస్తే దాని ముందు మిగతావన్నీ చిన్నవే.

మూడున్నర అయింది. సైటుకు వెళ్లాలి. తోట యజమాని కాలువకు అడ్డం పెట్టిన గుడ్డముద్ద తీసి పక్క మడికి పెట్టాడు. తన వంతు అయిపోయింది. పక్క తోటవాడి వంతు మొదలైంది. ఎవరూ చెప్పలేదు, ఎవరూ అరవలేదు. ఆ తమ్ముడు నిలబడి కాసేపు చూశాడు. ‘అన్నా, మా ఊరి చెరువుకు నీరటి మా తాతనే ఉండెనట. ఇప్పుడు ఎవరున్నరో నాకు తెల్వది’ అన్నాడు.

ఈ శుక్రవారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు డబ్బులు అందాయా అని అడుగుతాం కదా. ఆ తర్వాత ఈ మాట కూడా అడుగుదాం: మన చెరువు ఎట్లుంది? దాన్ని ఎవరు చూస్తున్నారు?